రసంలో ఏమున్నది?

పాఠ్యాంశ పరిచయం

మనిషి తినే ఆహారంలో అతని నేల, మతం, చరిత్ర కలగలిసి ఉంటాయి. జపాను దేశపు 'రామెన్' అనే వంటకాన్ని జంతు సంబంధమైన పదార్థం ఏదీ లేకుండా వండటంలోని సాధక బాధకాలను, ఆ ప్రయత్నానికి గల బౌద్ధ మూలాలను, తెలుగువారి శాకాహార సంప్రదాయంతో దానికి గల పోలికలను, భేదాలను ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యాంశం

మెదక్ పట్టణానికి ఆ పేరు 'మెతుకు' అనే మాట నుండి వచ్చిందని ప్రతీతి. వరి సమృద్ధిగా పండే నేల గనుక ఈ ప్రాంతాన్ని మెతుకు సీమ అన్నారు. పట్టణానికి తలమానికమైన కెథెడ్రల్ సైతం కరవు కాలంలో ఆకలిగొన్న జనానికి పని చూపి పట్టెడన్నం పెట్టిన నిర్మాణంగా ప్రసిద్ధి పొందింది. 1914లో మొదలైన ఆ కట్టడం పూర్తయి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. అన్నంతో ఇంతటి అనుబంధం గల ఈ ఊరిలో అన్నం, పప్పు, పచ్చిపులుసు, జొన్నరొట్టె నిత్యభోజనం. ఇటువంటి ఊరి విద్యార్థికి జపాను దేశపు రామెన్‌తో పని ఏమిటని ఎవరైనా అడగవచ్చు.

పని ఉన్నది. 2008లో హైదరాబాదు ఐ.ఐ.టి. నాటి మెదక్ జిల్లాలోనే, ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ఆవరణలో తాత్కాలికంగా ప్రారంభమైంది. 2015లో కంది గ్రామం వద్ద గల సొంత ఆవరణలోకి మారింది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో కంది సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఈ విద్యాసంస్థ భవనాలకు జపాను ప్రభుత్వం 'జైకా' అనే తన సహకార సంస్థ ద్వారా రుణ సహాయం అందించింది. భవనాలతో సంబంధం ఆగలేదు. ఇక్కడ చదివిన విద్యార్థులు ఉన్నత విద్య కోసం జపాను విశ్వవిద్యాలయాలకు వెళ్ళడానికి ఉపకార వేతనాలు కూడా ఏర్పడినాయి. ఆ విధంగా జపానుకు వెళ్ళే తెలుగు విద్యార్థులలో పుట్టుకతోనే శాకాహారులైనవారు కొందరు ఉంటారు. భాష రాని దేశంలో వారికి ఎదురయ్యే మొదటి పరీక్ష తరగతి గదిలో కాదు, భోజనశాలలో.

రామెన్ అంటే వేడి వేడి రసంలో వేసిన సేమ్యా వంటి పొడవైన గోధుమ పోగుల వంటకం. ఈ పేరు తెలుగు యువతకు కొత్తది కాదు. 1991లో భారతదేశపు విపణిలోకి వచ్చిన 'టాప్ రామెన్' పొట్లాల ద్వారా అది పల్లె అంగళ్ళ దాకా చేరింది. రెండు నిమిషాలలో తయారయ్యే పొట్లపు వంటకానికి మూలపురుషుడు మోమోఫుకు ఆండో. ఆయన 1958 ఆగస్టు 25న తన తొలి పొట్లాన్ని జపానులో అమ్మకానికి పెట్టాడు. దాని పేరు 'చికెన్ రామెన్'. పేరులోనే కోడి ఉన్నది! అయితే పొట్లపు రామెన్‌కూ భోజనశాలలోని అసలు రామెన్‌కూ ఉన్న దూరం, కొనుక్కొచ్చిన సాంబారు పొడికీ పండుగనాటి సాంబారుకూ ఉన్న దూరం కంటె ఎక్కువ.

అసలు రామెన్ కూడా జపానులో పుట్టినది కాదు. పంతొమ్మిదవ శతాబ్దిలో యొకొహామా వంటి ఓడరేవులు విదేశీయులకు తెరవబడినప్పుడు, అక్కడికి వచ్చి స్థిరపడిన చీనీయుల వెంట ఈ పోగుల వంటకం వచ్చింది. 1910లో టోక్యోలోని అసకుసా పేటలో 'రైరైకెన్' అనే భోజనశాల చీనా వంటవారితో దీనిని వండించి అమ్మింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బియ్యం కొరవడి, అమెరికా గోధుమ పిండి దిగుమతి అయిన కాలంలో రామెన్ సామాన్యుని ఆకలి తీర్చింది. నేడు జపానీయులు దానిని తమ వంటగానే భావిస్తారు. మిరపకాయ పోర్చుగీసువారి వెంట వచ్చిందని గుర్తుచేసుకుంటూ ఏ తెలుగువాడు ఆవకాయ కలుపుకుంటాడు?

వండే పద్ధతిని గమనిస్తే శాకాహారికి కలిగే చిక్కు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. మొదట ఖాళీ గిన్నె అడుగున 'తారే' అనే చిక్కని ఉప్పటి ద్రవాన్ని పోస్తారు. ఇది సోయా సాస్‌తోగాని, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్దతోగాని, కేవలం ఉప్పుతోగాని చేయబడుతుంది. దానిపై గంటల తరబడి మరిగించిన రసం పోస్తారు. పరిమళం కోసం కొంత కొవ్వునో, నూనెనో చేరుస్తారు. అప్పుడు ఉడికిన పోగులను దించి, చివరకు పైన అలంకారాలు అమరుస్తారు. పంది మాంసపు ముక్కలు, సగం ఉడికిన గుడ్డు, చేపతో చేసిన చక్రాలు, వెదురు మొలకలు, నోరి అనే సముద్రపు నాచు రేకులు, ఉల్లికాడలు ఆ అలంకారాలలో ఉంటాయి.

పోగుల విషయంలో పెద్ద సమస్య లేదు. గోధుమ పిండి, నీరు, ఉప్పు, 'కాన్సుయి' అనే క్షారం వాటి ముడి సరుకులు. మన అప్పడాల పిండిలో కలిపే క్షారం వంటిదే ఇదీ. పోగులకు సాగే గుణాన్ని, పసుపు ఛాయను ఇస్తుంది. ఆ పసుపును చూసి గుడ్డు కలిపారని అనుమానించడం సహజం. కొందరు కలుపుతారు కూడా. కాని చాలా పోగులలో ఆ రంగు క్షారం వల్ల వచ్చినదే. పైనున్న అలంకారాలు కంటికి కనిపిస్తాయి గనుక వాటిని వద్దనడం తేలిక. వద్దనడానికి వీలులేనిది రసం.

ఫుకువొకా ప్రాంతంలో ప్రసిద్ధమైన 'టొన్‌కొట్సు' రసం పంది ఎముకలను పాలవలె తెల్లబడేదాకా మరిగించినది. ఇతర ప్రాంతాలలో కోడి ఎముకలు వాడుతారు. తేటగా, అమాయకంగా కనిపించే రసంలో సైతం 'కత్సువోబుషి' ఉండవచ్చు. బొనిటో జాతి చేపను ఉడికించి, పొగబెట్టి, కట్టెవలె గట్టిపడేదాకా ఎండబెట్టి, రంపపు పొట్టువలె సన్నగా చెక్కిన రేకులే కత్సువోబుషి. వాటిని వేడి నీటిలో వేసి వడగట్టగా వచ్చే సారం 'దాషి'. జపాను వంటింట్లో దాషి లేని రోజు ఉండదు. కూరగాయలు ఉడికించేది దాషిలో, మిసో చారు కాచేది దాషిలో, పొట్లాలలో అమ్మే మిసో ముద్దలో సైతం కొన్నిటిలో దాషి ముందుగానే కలిసి ఉంటుంది. రేకులను వడగట్టి పారవేసిన తరువాత అందులో చేప ఉన్నట్లు చూపడానికి ఆనవాలు మిగలదు.

ఇక భోజనశాలలో జరిగేది చూడండి. చాలా రామెన్ దుకాణాలలో గుమ్మం వద్దనే టిక్కెట్ల యంత్రం ఉంటుంది. మీట నొక్కి, డబ్బు చెల్లించి, చీటీ తెచ్చి ఇవ్వాలి. అడగడానికి వ్యవధి తక్కువ. అయినా ధైర్యం చేసి విద్యార్థి తాను నేర్చుకున్న రెండు జపాను మాటలు పలుకుతాడు: 'నికు నాషి', అనగా మాంసం వద్దు అని. వంటవాడు మర్యాదగా తల వంచి, పంది మాంసపు ముక్కలను మాత్రం తీసివేసి, ఆ పంది ఎముకల రసాన్నే అందిస్తాడు. ఇందులో మోసం లేదు. 'నికు' అనే మాటకు సాధారణ వ్యవహారంలో భూమి మీద తిరిగే జంతువుల మాంసమని అర్థం. చేప అందులోకి రాదు. రసం అసలే రాదు, అది వట్టి రసం! అడిగినవాడు అడిగినదే ఇచ్చినవాడు ఇచ్చాడు. మాట నిలిచింది, మాట వెనుక ఉన్న భావం మాత్రం గిన్నెలో కరిగిపోయింది.

మాటకూ భావానికీ మధ్య ఏర్పడే ఈ ఎడం భారతీయులకు తెలియనిది కాదు. గాంధీజీ 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ క్షేత్రంలో పాలు మానివేశాడు. పాల కోసం పశువులను పెట్టే హింస ఆయనను కలచివేసింది. స్వదేశానికి తిరిగివచ్చిన తరువాత 1918లో జబ్బుపడి మృత్యువు అంచుకు చేరినప్పుడు వైద్యుడు పాలు తాగక తప్పదన్నాడు. వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవు పాలు, గేదె పాలేగదా, మేక పాలకు అభ్యంతరం ఏమిటని కస్తూరిబా సూచించింది. ఆయన అంగీకరించాడు. బ్రతికాడు. కాని వ్రతంలోని అక్షరాన్ని నిలుపుకొని ఆత్మను పోగొట్టుకున్నానన్న బాధను తన ఆత్మకథలో దాచుకోలేదు. రామెన్ దుకాణంలోని వంటవాడు తెలియక చేసిన పనిని గాంధీజీ తెలిసి చేశాడు, తెలిసి చేసినందుకు దుఃఖించాడు.

పాలను కూడా విడిచిపెట్టే ఈ నియమానికి పాశ్చాత్యులు తరువాతి కాలంలో 'వీగన్' అని పేరు పెట్టారు. 1944లో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, ఆయన మిత్రులు 'వెజిటేరియన్' అనే మాట నుండి మొదటి భాగాన్ని, చివరి భాగాన్ని తీసుకొని దీనిని కల్పించారు. మాంసం, చేప, గుడ్డుతోపాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, తేనె సైతం వీగన్ ఆహారంలో ఉండవు. మన దేశంలో ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2022లో వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు చేసింది. చతురస్రంలోని ఆకుపచ్చ చుక్క శాకాహారానికి గుర్తయితే, చిగురు తొడిగిన ఆంగ్ల 'వి' అక్షరం వీగన్ ఆహారానికి గుర్తు. ఒకే పొట్లం మొదటి గుర్తుకు అర్హమై, రెండవదానికి అనర్హం కావచ్చు.

వీగన్ అనే మాట జపానుకు కొత్తగా వచ్చినదే గాని, అటువంటి భోజనం అక్కడ కొత్తది కాదు. దాని మూలం బౌద్ధంలో ఉన్నది. 675లో తెన్ము చక్రవర్తి ఎద్దు, గుర్రం, కుక్క, కోతి, కోడి మాంసాలను తినడం సంవత్సరంలో కొన్ని నెలలపాటు నిషేధించాడు. చేపను నిషేధించలేదు. నాలుగు దిక్కులా సముద్రం ఉన్న దేశంలో అది సాధ్యమయ్యే పని కాదు గూడా. నాటి నుండి చేప మాంసం కానిదైపోయింది. 1872లో మెయిజీ చక్రవర్తి స్వయంగా గోమాంసం తిన్నాడన్న వార్త వెలువడేదాకా జంతు మాంసంపై ఆ సంకోచం ఏదో రూపంలో సాగుతూనే వచ్చింది. బౌద్ధ మఠాలు మాత్రం చేపను కూడా విడిచి, పాల వాడుక లేని దేశం గనుక పాల ప్రసక్తి కూడా లేకుండా, 'షోజిన్ ర్యోరి' అనే వంట పద్ధతిని పెంచి పోషించాయి. సాధనలో ముందుకు సాగడానికి తోడ్పడే వంట అని ఆ పేరుకు భావం. పప్పుధాన్యాలు, సోయా గడ్డ, నువ్వులు, దుంపలు, ఆకుకూరలు, సముద్రపు నాచు అందులోని సరుకులు. కార్తిక మాసంలో తెలుగు ఇళ్ళలో ఉల్లి, వెల్లుల్లి మానినట్లే, ఆ మఠాలలోనూ ఘాటైన ఉల్లి జాతి మొక్కలను వర్జిస్తారు. కాబట్టి నేటి వీగన్ రామెన్‌లో వేసే వెల్లుల్లి, ఉల్లికాడలు మఠంలో అడుగు పెట్టలేవు.

ఈ వంట చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం ఒకటి ఉన్నది. జపానులో సోతో జెన్ సంప్రదాయానికి ఆద్యుడైన దోగెన్ తన ఇరవై మూడవ యేట, 1223లో, ధర్మాన్ని నేర్చుకోవడానికి చీనాకు వెళ్ళాడు. ఓడ రేవు చేరినా ఆయన ఇంకా ఓడలోనే ఉన్నాడు. ఒకనాడు అరవై ఏళ్ళు దాటిన వృద్ధ భిక్షువు ఒకడు జపాను వర్తకుల వద్ద సరుకు కొనడానికి ఓడ ఎక్కాడు. అతడు కొనదలచినవి ఎండు పుట్టగొడుగులని వ్యాఖ్యాతలలో పలువురి అభిప్రాయం. దోగెన్ ఆయనకు తేనీరు ఇచ్చి మాటలు కలిపాడు. ఆయన అశోక పర్వత మఠంలో వంటపెద్ద. మరునాడు ఐదవ నెల ఐదవ రోజు, పండుగ దినం. సహభిక్షువులకు పోగుల రసం చేసిపెడదామని తలచి, కావలసిన సరుకు లేక, ముప్పై నాలుగు లేక ముప్పై ఐదు 'లీ'ల దూరం నడిచి వచ్చాడు. పదిహేను కిలోమీటర్లకు పైబడిన దారి అది! రాత్రికి ఆగమని దోగెన్ కోరాడు. తాను లేకపోతే రేపటి వంట చెడిపోతుందని ఆయన కాదన్నాడు. ఈ వయసులో ధ్యానం, శాస్త్ర విచారం మాని వంట శ్రమ దేనికని యువకుడు ప్రశ్నించాడు. వృద్ధుడు పెద్దగా నవ్వి, ఈ విదేశీయునికి సాధన అంటే ఏమిటో ఇంకా తెలియలేదని చెప్పి, చీకటి పడుతున్నదని వెళ్ళిపోయాడు.

ఆ మాట దోగెన్ మనసులో నాటుకుపోయింది. స్వదేశం చేరిన పిదప 1237లో ఆయన 'తెన్‌జో క్యోకున్' అనే చిన్న గ్రంథం రచించాడు. వంటపెద్దకు ఉపదేశం అని దాని అర్థం. బియ్యం కడగడం నుండి గరిటె ఉంచే చోటు వరకు అందులో చెప్పబడింది. ఆకుకూర కాడను సైతం బుద్ధుని దేహంగా భావించి చేతబట్టాలన్నాడు. వంటవానికి సంతోషం నిండిన మనసు, తల్లిదండ్రులవలె ఆదరించే మనసు, విశాలమైన మనసు ఉండాలన్నాడు. ఆయన పేర్కొన్న ఆరు రుచులు తెలుగువారికి వెంటనే ఉగాది పచ్చడిని గుర్తుచేస్తాయి. చేదు, పులుపు, తీపి, కారం, ఉప్పు ఇద్దరికీ సమానమే. ఆరవ రుచి మాత్రం వేరు. మనవారు వగరు అన్నచోట ఆయన సాదాదనం అన్నాడు. ఏ రుచీ పైకి తేలకుండా పదార్థం తన సహజ స్థితిలో ఉండటం కూడా ఒక రుచియేనన్నమాట. మసాలాలకు అలవాటుపడిన నాలుకకు ఇది అంత త్వరగా అర్థమయ్యేది కాదు.

అశోకుని పేరిట చీనాలో ఒక పర్వత మఠం, అక్కడి వంటవాని వద్ద జపాను యువకుడు నేర్చిన పాఠం, అన్నీ భారతదేశం నుండి బయలుదేరిన ధర్మం నడిచిన దారిలోనివే. ఆంధ్రదేశంతో సంబంధం గలవాడుగా సంప్రదాయం చెప్పే ఆచార్య నాగార్జునుని జపాను బౌద్ధులు తమ ఎనిమిది శాఖలకూ మూలగురువుగా గౌరవిస్తారు. ధర్మం వెళ్ళిన దారినే మెదక్ విద్యార్థి ఇప్పుడు విమానంలో వెళ్తున్నాడు.

మాంసమూ చేపా లేని రసానికి రుచి ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్నకు మఠాల వంటవారికి అనుభవంతో సమాధానం తెలుసు. కొంబు అనే దళసరి సముద్రపు నాచు, షీటాకే అనే ఎండు పుట్టగొడుగు వారి ఆధారాలు. ఈ రహస్యాన్ని శాస్త్రం తరువాత విప్పింది. 1908లో టోక్యో విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త కికునయె ఇకెదా కొంబు నుండి గ్లూటమేట్‌ను వేరుచేసి, దాని రుచికి 'ఉమామి' అని పేరుపెట్టాడు. 1913లో ఆయన శిష్యుడు షింతారో కొదామా ఎండు చేప రేకులలో ఇనోసినేట్‌ను గుర్తించాడు. 1957లో అకిరా కునినకా ఎండు పుట్టగొడుగులోని గ్వానిలేట్ కూడా ఆ రుచికి కారణమని చూపాడు. అంతకంటె ముఖ్యమైన విషయం ఒకటి ఆయన గమనించాడు. గ్లూటమేట్‌తో మిగిలిన రెండింటిలో ఒకటి కలిస్తే రుచి కూడిక లెక్కన గాక అనేక రెట్లు పెరుగుతుంది. కొంబుతో చేపను కలిపినప్పుడు జరిగే పనియే కొంబుతో పుట్టగొడుగును కలిపినప్పుడూ జరుగుతుంది. చేప లేకపోయినా నాలుకకు లోటు తెలియకపోవడానికి కారణం ఇదే. బాగా పండిన టమాటాలోనూ గ్లూటమేట్ ఉన్నది. టమాటా చారు కలుపుకొన్నవాడు మరికాస్త అన్నం పెట్టించుకోవడం వెనుక పోపుతోపాటు అదీ ఒక కారణం కావచ్చు.

రుచి దొరికినా మరొక లోటు మిగులుతుంది. ఎముకలు మరిగినప్పుడు వాటిలోని జిగురు రసంలో దిగి, పెదవులకు అంటుకునే చిక్కదనాన్ని ఇస్తుంది. నాచు, పుట్టగొడుగుల రసం నీటివలె తేటగా ఉంటుంది. ఈ లోటును పూడ్చడానికి నేటి వంటవారు సోయా పాలు, నువ్వుల ముద్ద, నూనెలో వేయించిన కూరగాయలు వాడుతారు. టోక్యో రైల్వే స్టేషనులో 2010 దశకం తొలినాళ్ళలో వెలసిన 'టీస్ తన్‌తన్' అనే భోజనశాల ఈ పద్ధతిలో పేరు గడించింది. అక్కడ పంది లేదు, చేప లేదు, గుడ్డు లేదు, పాలు లేవు. మీట నొక్కేముందు ఏదీ అడగనక్కరలేదు. భాష రాని శాకాహారికి అది ఎంతటి ఊరట!

అక్కడి ప్రసిద్ధ వంటకం 'తన్‌తన్ మెన్'. ఇది చీనాలోని సిచువాన్ ప్రాంతపు కారపు పోగుల వంటకానికి జపాను రూపం. 1952లో జపానుకు వచ్చిన చెన్ కెన్మిన్ అనే సిచువాన్ వంటవాడు అక్కడివారి నాలుకకు తగినట్లు కారం తగ్గించి, నువ్వుల ముద్ద, రసం పెంచి దీనిని ప్రచారంలోకి తెచ్చాడు. దోగెన్ ఓడలో కలిసిన వృద్ధుడు కూడా సిచువాన్ దేశస్థుడే. చరిత్రలో ఇటువంటి కాకతాళీయాలకు అర్థం వెదకనక్కరలేదు గాని, తెలిసినవారికి ఆ గిన్నె ముందు కూర్చున్నప్పుడు గుర్తురాకమానదు.

సాధారణంగా వీగన్ తన్‌తన్ మెన్ గిన్నెలో నువ్వుల రసం లేత బంగారు రంగులో ఉంటుంది. పైన ఎర్రని మిరప నూనె చుక్కలు తేలుతాయి. ఆకుకూర, మొలకలు, సోయాతో చేసి మాంసపు తునకలవలె కనిపించేలా వేయించిన పలుకులు ఉంటాయి. పోగులు నానిపోకముందే తినాలి. జుర్రుమని చప్పుడు చేయడం అక్కడ తప్పు కాదు. వేడిని చల్లార్చే ఉపాయం అది. మొదటి గుక్కకు తెలుగు నాలుక గుర్తుపట్టేది నువ్వులనే. వేయించి నూరిన నువ్వుల పొడి తెలంగాణ పచ్చిపులుసులో పడినప్పుడు వచ్చే కమ్మదనమే ఇక్కడా తగులుతుంది. అయితే పులుపు లేదు. చింతపండుకు అలవాటుపడినవానికి రెండవ గుక్కలో ఏదో తక్కువైనట్లు తోస్తుంది. ఆ తక్కువే దోగెన్ చెప్పిన ఆరవ రుచికి తలుపని కొంత తిన్న తరువాత గాని తెలియదు. ఇక మాంసంవలె కనిపించే సోయా పలుకుల విషయానికి వస్తే, మాంసం తిని మానినవారికి అవి ఇష్టం కావచ్చు. ఎన్నడూ తినని శాకాహారికి అవి అనుమానమే కలిగిస్తాయి. కొంబు, షీటాకేల తేట రసం ఏ వేషమూ వేయకుండా తన రుచిని తాను చూపుతుంది. నేర్పరితనం అక్కడే ఎక్కువ.

రామెన్ గిన్నెలోని చేపను జపాను వంటవాడు చూడలేకపోవడం మనకు వింతగా తోచవచ్చు. అదే న్యాయంతో తెలుగు వంటింటిని పరీక్షిస్తే ఫలితం వేరుగా ఉండదు. ఒక జపాను వీగన్ విద్యార్థి కందికి వచ్చి, అక్కడి నుండి స్నేహితునితో మెదక్‌లోని అతని ఇంటికి భోజనానికి వెళ్ళాడనుకోండి. ఇంటి ఇల్లాలు తమది శుద్ధ శాకాహారమని, నిశ్చింతగా తినమని చెబుతుంది. ఆ మాటలో ఆమెకు సందేహం లేదు. ముద్దపప్పు మీద చెంచాడు నెయ్యి వేయనిదే ఆమెకు వడ్డించినట్లు కాదు. పండుగ పూట వండిన బొబ్బట్టు నేతిలోనే కాలింది. చివర పెరుగన్నం తిననిదే అతిథి భోజనం ముగిసినట్లు కాదు. ప్రాచీన కావ్యాలలోని విందుల వర్ణనలు సైతం నేయి, పెరుగు లేకుండా సాగడం అరుదు. శ్రీకృష్ణదేవరాయల 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు ఋతువుకు తగినట్లు అతిథులకు పెట్టే భోజనాల వర్ణన ప్రసిద్ధం. తెలుగువాని ఆతిథ్యానికి కొలమానం విస్తరిలోని నేతి ధార. జపానువానికి దాషి ఎలాగో తెలుగువానికి నెయ్యి అలాగు. నిత్యం వాడటం వల్ల అది పదార్థంగా కాక వంటకు ప్రాణంగా మారిపోయి, కంటికి కనిపించడం మానివేసింది.

కాని ఆ విస్తరిలో అతిథి నిస్సంకోచంగా తినదగినవి తక్కువేమీ కావు. జొన్నరొట్టెలో జొన్న పిండి, నీరు తప్ప మరేమీ లేవు. సర్వపిండిలో బియ్యపు పిండి, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, నూనె ఉంటాయి. సకినాలలో బియ్యపు పిండి, నువ్వులు, వాము ఉంటాయి, వేగేది నూనెలో. నూనె పోపు పెట్టిన చింతపండు పచ్చిపులుసులో నీరు, ఉల్లి, మిరప, నువ్వుల పొడి. ఆరు రుచుల ఉగాది పచ్చడిలోనూ పాల చుక్క లేదు. ఏ నియమమూ పెట్టుకోకుండానే మెతుకు సీమ రైతు కుటుంబాలు వండుకుంటున్న ఈ వంటలు 1944 నాటి మాటకు అందులో ఒక్కటి కూడా మార్చనక్కరలేకుండా సరిపోతాయి. పాడి గలిగిన ఇళ్ళలో నెయ్యి వచ్చి చేరింది, పాడి లేని ఇళ్ళలో రాలేదు.

అతిథి వచ్చే ముందు స్నేహితుడు వంటింట్లోకి వెళ్ళి, పప్పులో నెయ్యి వేశావా అమ్మా అని అడిగితే చాలు. ఆమె మొదట ఆశ్చర్యపోతుంది. నెయ్యి వేస్తే తప్పేమిటని అంటుంది. తరువాత అతిథి కోసం వేరే గిన్నెలో పప్పు తీసి, నూనెతో పోపు పెట్టి, ఆ గిన్నెను నేతి గిన్నెకు దూరంగా జరుపుతుంది.

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.

1. రామెన్ రసం శాకాహారికి ఎందుకు చిక్కు తెచ్చిపెడుతుందో వివరించండి.

2. దోగెన్‌కు, వృద్ధ భిక్షువుకు మధ్య జరిగిన ఘట్టాన్ని తెలిపి, 'తెన్‌జో క్యోకున్' రచనపై దాని ప్రభావాన్ని చర్చించండి.

ఆ) క్రింది ప్రశ్నలకు ఆరు పంక్తులలో సమాధానాలు రాయండి.

1. గాంధీజీ మేక పాల విషయంలో ఎందుకు బాధపడ్డాడు?

2. కొంబు, షీటాకే కలిసినప్పుడు రుచి పెరగడానికి కారణం ఏమిటి?

3. మీ ఇంట్లో వారం రోజులు వండిన వంటలను పరిశీలించి, వాటిలో వీగన్ ఆహారం ఏదో, కానిది ఏదో, కాకపోవడానికి కారణమైన పదార్థం ఏదో రాయండి.